లోయవైపు తువ్వాళ్ళు

"గురువుగారూ, బండెక్కేవాడు తెలిసే ఎక్కుతాడు. చూడ్డానికొచ్చేవాడు తెలిసే నిలబడతాడు. ఇద్దరూ ఇష్టపడి ఒప్పుకున్న ప్రమాదంలో తప్పు ఎవరిదంటారు?"

ఎర్రమెట్ట ఘాటు రోడ్డు మీద మోటారు సైకిళ్ళ పందెం మొదలు కాబోతుండగా దాలినాయుడు తన గురువు పరదేశి మాస్టారిని అడిగిన ప్రశ్న ఇది. ప్రశ్న అనడం మన మర్యాద. నిజానికి అది జవాబే, చివర ప్రశ్నలా సాగదీశాడంతే. అంతకుముందే మాస్టారు, "ఈసారి ఏనుగు మలుపులో కొండవైపు నుంచి తిరుగు" అన్నారు. శిష్యుడికి ఆ మాట మింగుడుపడలేదు.

పడకపోవడానికి కారణముంది. ఏనుగు మలుపులో జనం లోయవైపు అంచున నిలబడి రోడ్డు మీదికి తువ్వాళ్ళు చాపుతారు. పందెం బండి రాసుకుపోయిన తువ్వాలు అదృష్టం తెస్తుందని అక్కడివాళ్ళ నమ్మకం. అది నడుముకి కడితే పసిపిల్లలు తొందరగా నడుస్తారట. ఎవరి భుజానికి ఎన్ని తువ్వాళ్ళు తగిలితే వాడు అంత మొనగాడు. ఆ లెక్కన కొన్నేళ్ళుగా దాలినాయుణ్ని మించినవాడు లేడు. పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం అంటారు. ఏనుగు మలుపులో మాత్రం ఎలుకే పిల్లిని పిలిచి ఆడమంటుంది.

మాస్టారు వాదనకి దిగలేదు. పందేనికి ముందు ఒకరు బండి మీద పైదాకా వెళ్ళి దారి చూసి రావడం అక్కడి పద్ధతి.

"నీ బండి ఇలా ఇయ్యి, దారి నేను చూసొస్తాను" అన్నారాయన. "నువ్వు పోయి ఏనుగు మలుపులో తువ్వాలు పట్టుకుని నిలబడు. నేను తిరిగొచ్చాక నీ ఇష్టం వచ్చినవైపు నుంచే తిరుగు. మళ్ళీ ఆ మాట ఎత్తను."

ఇంత చవగ్గా గెలుస్తాననుకోలేదు దాలినాయుడు. సంబరంగా తువ్వాలు భుజాన వేసుకుని, జీపెక్కి మలుపు దగ్గర దిగాడు.

ఆ మలుపులో అతని పేరు ఎరగనివాడు లేడు, అతని మొహం ఎరిగినవాడూ లేడు. ఏటేటా వాళ్ళు చూసింది హెల్మెట్టునే. అందుకని అతనికి ఎవరూ చోటివ్వలేదు సరికదా, ఆలస్యంగా వచ్చినందుకు నాలుగు మాటలన్నారు. చివరికి చంకలో ఆడపిల్లని ఎత్తుకున్న ఒకావిడ కాస్త జరిగింది. ఆమె పేరు పైడితల్లి. వేళ్ళు తారురోడ్డు మీద, మడమలు గట్టు మీద పెట్టి నిలబడింది. వెనక్కి ఒక అడుగు వేస్తే లోయ.

"ముందుకి రా బాబూ. అక్కడుంటే నీ తువ్వాలికేటి తగుల్తాది?" అంది.

"పిల్లతో ఇక్కడెందుకమ్మా? పైన బండలమీద కూచోరాదూ?"

"దీనికోసమే కదా ఒచ్చాను. ఈడు పిల్లలందరూ నడిసేత్తన్నారు. ఇది ఇంకా నిలబడనైనా లేదు." పిల్ల అరికాళ్ళని అరచేత్తో రుద్దింది. "దాలినాయుడి బండి తగిలితే సాలు."

ఆ మాటకి అతనికి పొంగిపోవాలనిపించింది. ఎందుకోగాని పొంగు రాలేదు.

"ఒకవేళ అతను పడితే?" అన్నాడు.

ఆమె నవ్వింది. "ఆడు పడడు బాబూ. ఆడికి మనం కనబడతాం కదా."

ఇన్నేళ్ళలో ఆ మలుపులో దాలినాయుడికి ఒక్క మనిషీ కనబడలేదు. బండి మీద నుంచి చూస్తే అక్కడ ఉండేది రంగురంగుల గుడ్డల బారు, అంతే. ఆ గుడ్డల వెనక చేతులుంటాయని తెలుసు. చేతుల వెనక మొహాలుంటాయని అతను ఎప్పుడూ అనుకోలేదు.

కింద నుంచి చప్పుడు వినిపించింది. తన బండే. ఆ చప్పుడు అతనికి కన్నబిడ్డ గొంతు లాంటిది, నిద్రలో విన్నా గుర్తుపడతాడు. కానీ ఎప్పుడూ దాని మీద కూచుని విన్నాడేగాని ఎదురుగా నిలబడి వినలేదు. కొండకి కొట్టుకుని, లోయలో పడి, మళ్ళీ పైకి లేచి వస్తోంది. ఎటునుంచి వస్తోందో, ఎంత దూరాన ఉందో అంతుపట్టలేదు. కాళ్ళకింద గట్టు సన్నగా అదిరింది. జనం ఒక్కసారిగా తువ్వాళ్ళు చాపారు. ఒకళ్ళ భుజాల మీద ఒకళ్ళు పడ్డారు.

"తప్పుకోండి! పక్కకి జరగండి!" అని అరిచాడు దాలినాయుడు.

"భయమైతే ఇంటికి పోరా! దాలినాయుడి బండి రా అది!" అని ఎవడో వెక్కిరించాడు.

మాస్టారు ఎంత నేర్పరో అతనికి తెలుసు. ఆయన పడరు. ఆ సంగతి తెలిసి కూడా అతని చేతిలోంచి తువ్వాలు జారిపోయింది. పైడితల్లి రెక్క పుచ్చుకుని, పిల్లతో సహా గట్టు వెంట పక్కకి ఈడ్చుకుపోయి, మలుపు చివరి మైలురాయి వెనక కూలదోశాడు. ఆమె కెవ్వుమంది. పిల్ల గుక్కపెట్టింది.

బండి వచ్చింది. కొండవైపు నుంచే వచ్చింది. మధ్యలో రోడ్డంతా ఖాళీ. అయినా కొండ మీంచి రాలిన కంకర వెనక చక్రం కింద నలిగి, బండి తోక ఒక్కసారి లోయవైపు విసిరినట్టయింది. మాస్టారు సర్దుకుని వెళ్ళిపోయారు. చూసినవాళ్ళెవరూ పక్కకి తప్పుకోలేదు. ఇంకా కావాలన్నట్టు ముందుకి వంగారు. ఒక్క తువ్వాలూ తగలనందుకు ఉసూరుమన్నారు.

"నీకేటి పోయేకాలం ఒచ్చిందిరా!" అని పైడితల్లి దాలినాయుణ్ని నోరారా తిట్టింది. మోచెయ్యి గీసుకుపోయింది పాపం. తిట్టడం అయ్యాక పిల్లని ఎత్తుకుని, చీర దులుపుకుని, మళ్ళీ పోయి ఆ అంచునే నిలబడింది.

కాసేపటికి మాస్టారు పైనుంచి దిగివచ్చి మైలురాయి దగ్గర బండి ఆపారు. దాలినాయుడు అక్కడే కూచుని ఉన్నాడు.

"నేను కొండవైపు నుంచే వచ్చాను కదరా. నాకేమీ కాదని నీకు తెలుసు. మరి ఆవిణ్ని ఎందుకలా లాగావు?"

"ఆవిడ చంకలో పిల్ల ఉందండి."

మాస్టారు హెల్మెట్ తీసి అతని చేతికిచ్చారు. లోయవైపు ఒకసారి చూసి, మెల్లగా అన్నారు:

"పోయినేడు ఈ మలుపులో జెండా పట్టింది నేనేరా. నువ్వు తువ్వాళ్ళు రాసుకుంటూ పోతుంటే ఆవిడ అక్కడే నిలబడింది. అప్పటికి నెలలు నిండి ఉంది."