వాడిన గన్నేరు ఆకు

ఊరి చివర సన్యాసి పూలతోటకు గన్నేరు చెట్లే కంచె. ఏడాది పొడవునా పచ్చగా ఉంటాయి, విరగబూస్తాయి, చేదుకు ఏ పశువూ మూతి పెట్టదు. ఆ రోజు పొద్దున్నే ఆయన కంచె కత్తిరించాడు. ఖాళీ ఉన్నచోట నాలుగు కొమ్మలు పాతి, మిగిలినవి మూలన కుప్పేసి, పూలబుట్ట ఎత్తుకుని సంతకు పోయాడు. ఎండ ఎక్కేసరికి ఆ పాతిన కొమ్మల సందులోంచే కుంటినక్క దూరింది.

గుంజకు కట్టేసి ఉన్న బొల్లి మేక దాన్ని చూసి లేచి నిలబడింది. దాని పిల్ల చిన్నగాడు తాడు లేకుండా తిరుగుతున్నాడు. కుంటికాలితో వాణ్ణి పట్టుకోలేనని నక్కకు నిన్ననే తెలిసింది. అయినా మళ్ళీ వచ్చిందంటే ఏదో ఎత్తు వేసుకునే వచ్చి ఉంటుంది.

"ఏం పని మామా?"

"నీ పిల్ల డొక్కలు చూసి జాలేసిందమ్మాయ్. అంత మేత అక్కడ పడి ఉంటే వాడికి పెట్టవేం?"

"అది గన్నేరు."

"పచ్చిదైతే విషమే, కాదన్నానా? వాడితే చేదూ పోతుంది, విషమూ పోతుంది. పక్కూరి మేకలన్నీ అదే తిని బలిశాయి."

చేదు తగ్గుతుంది గానీ విషం పోదని బొల్లికి తల్లి ఏనాడో చెప్పింది. ఆ మాటే అనబోయి చూస్తే చిన్నగాడు అప్పుడే కుప్పలో మూతి పెట్టేశాడు. బొల్లి ఉరికింది. తాడు సగంలోనే ఆపేసింది.

"ఒరే, ఇటు రారా. పాలిస్తాను."

వాడు ఆకు నములుతూనే వచ్చాడు.

"ఉమ్మెయ్. ఎంత మింగావు?"

"మింగలేదమ్మా, నమిలానంతే."

పిల్లల మాట ఎంతవరకు నమ్మాలి? వాడు పాలు తాగి, తాడుకు అందని నీడలోకి పోయి పడుకున్నాడు. పిలిస్తే పలకలేదు. నిద్రో, విషమో బొల్లికి తెలియలేదు.

నక్క లేచింది. "పాపం, కునుకు పట్టినట్టుంది. నేను జోకొడతాలే."

బొల్లి అరిచింది. ఎవరూ రాలేదు. తాడు తెగలేదు. ఇక దానికి మిగిలింది నక్క చెప్పిన మాట ఒక్కటే.

"తీసుకుపో మామా. నీ మాట విని కడుపునిండా మేశాడు. మూతి మీద పసరు చూడు."

నక్క అడుగు ఆగింది. పిల్ల రెండాకులు కొరికి సోలిపోతే చాలనుకుంది గానీ, కడుపునిండా విషమున్న పిల్లను తింటే తనకూ చావే. "కడుపునిండానా?"

"వాడితే విషం పోతుందన్నావుగా. ఇంక నీకు భయం దేనికి?"

నక్క పిల్ల మూతి వాసన చూసింది. గన్నేరే. నోట్లో ఊరిన నీళ్ళు మింగి వెనక్కి జరిగింది.

"ఇవాళ ఏకాదశి కదా, మరిచేపోయాను. నాకు ఉపవాసం." కుంటుకుంటూ వచ్చిన సందులోంచే పోయింది.

బొల్లి గొంతు పోయేదాకా పిలుస్తూనే ఉంది. పొద్దు వాలాక చిన్నగాడు ఒళ్ళు విరుచుకుని లేచాడు.

"అమ్మా, ఇంకా పాలున్నాయా?"

బొల్లికి అప్పుడు ఏడుపొచ్చింది.

తాను నోట పెట్టలేనిదాన్ని మనకు మంచిదని చెప్పేవాడి సలహా వినకూడదు.