తోకలెత్తి తేల్చిన ఊబి

అనగనగా ఒక అడవిలో ఏ విషయాన్నైనా తోకలెత్తి తేల్చుకునేవారు. ఎక్కువ తోకలు ఎటు లేస్తే అదే నిజం. ఈ పద్ధతి పెట్టింది కొండముచ్చు పెద్దయ్య. అందరికన్నా పొడుగు తోక ఆయనదేనన్నది వేరే సంగతి.

ఒక వేసవిలో గడ్డి ఎండిపోయింది. బురద నేలకు అవతల మాత్రం పచ్చిక నిగనిగలాడుతోంది. చుట్టూ తిరిగి వెళ్లడానికి అందరికీ బద్ధకం.

"ఈ నేల గట్టిదే అనేవాళ్లు తోకలెత్తండి!" అన్నాడు పెద్దయ్య.

ఉడుత ఎత్తింది. దాని తోక ఎప్పుడూ పైనే ఉంటుంది. నెమలి ఎత్తాడు. పురి విప్పడానికి ఏదో ఒక వంక కావాలిగా!

"నెమలి బావా, నువ్వు ఆ నేల తొక్కి చూశావా?" అని అడిగింది చుక్కమ్మ అనే లేడి.

"బురదలోకా? నా ఈకలు పాడవ్వవూ! ఎత్తవమ్మా, అందరూ చూస్తున్నారు."

చుక్కమ్మ మొహమాటపడి ఎత్తేసింది.

"అది ఊబి! నేనుండేదే అక్కడ!" అని అరిచాడు కప్ప మామ.

"తోక లేనివాళ్లు మాట్లాడకూడదు" అన్నాడు పెద్దయ్య.

"చిన్నప్పుడు ఉండేదండీ."

"ఇప్పుడుందా?"

"లేదు."

"అయితే కూర్చో."

నేల గట్టిదని తీర్మానం అయిపోయింది. ఆ సంగతి ఊబికి మాత్రం ఎవరూ చెప్పలేదు.

తెల్లారగానే చుక్కమ్మ కూన గెంతుతూ అందరికన్నా ముందు పరుగెత్తింది. పొట్ట దాకా దిగబడింది. "అమ్మా!" అని ఏడ్చింది. చుక్కమ్మ దూకబోయింది.

"ఆగు! నువ్వూ మునిగిపోతావు!" అన్నాడు కప్ప మామ. "కూనా, కొట్టుకోకు! పెద్దయ్యా, ఊబి మీదికి వంగిన ఆ చెట్టుకొమ్మెక్కి నీ తోక కిందికి వెయ్యి!"

కూన ఆ తోకను పళ్లతో కరిచి పట్టుకుంది. పెద్దయ్య అరుపులకు అడవంతా అదిరింది గానీ, కూన బయటపడింది.

వెంటనే మళ్లీ సభ.

"ఇకనుంచి కప్ప ఏం చెబితే అదే! సరేననేవాళ్లు ఎత్తండి" అన్నాడు పెద్దయ్య, తోకకు పసరు రాసుకుంటూ.

తోకలన్నీ లేచాయి. చుక్కమ్మది లేవలేదు.

"అందరూ చూస్తున్నారమ్మా" అన్నాడు నెమలి.

"చూడనీ బావా. కప్ప మామా, ఆ పచ్చికలో తోడేళ్లున్నాయా?"

"నాకేం తెలుసమ్మా? నేనెప్పుడైనా బురద దాటితేగా!"

"అయితే అటువైపు ఎగిరి వచ్చిన పిట్టలను ముందు అడుగుదాం. తోకల సంగతి తర్వాత" అంది చుక్కమ్మ, కూన ఒంటి మీది బురద నాకుతూ.

లేచిన తోకలు ఒక్కొక్కటే దిగాయి. ఆ పూట అడవిలో ఏదీ తీర్మానం కాలేదు. ఎవరికీ ఏమీ కాలేదు కూడా.

నీతి: ఎక్కువమంది ఔనన్నంత మాత్రాన ఊబి గట్టి నేల అయిపోదు, ఔననే ముందు అడిగి తెలుసుకోవాలి.