శుభలేఖ మూలల్లో చిలకలు

భ్రమరాంబ గారిని ఎవరైనా ప్రశ్న అడిగితే, ఆవిడ ముందు వాళ్ళ చేతికి ఏదో ఒక పని అప్పగించేవారు. చిక్కుడుకాయల ఈనెలు తీయమనేవారు, లేకపోతే డాబా మీద ఆరబోసిన వడియాలు తిరగేసి రమ్మనేవారు. బందరులో ఆడపిల్లల బడిలో ఏళ్ళ తరబడి డ్రాయింగు చెప్పి, రిటైరయ్యాక ఇంటి వరండాలో కాగితం పని నేర్పుతున్న మనిషి ఆవిడ. కాగితాలు మడిచి పెట్టెలు చేయడం, కత్తిరించి తోరణాలు కట్టడం, రబ్బరు అచ్చుల్ని రంగుల ప్యాడ్ల మీద అద్ది కార్డుల మీద బొమ్మలు దింపడం అక్కడి చదువు. పని ఎన్నిసార్లైనా విసుక్కోకుండా చూపించేవారు గానీ, సందేహానికి మాటతో జవాబు చెప్పడం ఆవిడకు అలవాటు లేదు. చెబితే చెవిలో ఉంటుంది, చేస్తే చేతిలో ఉంటుందని ఆవిడ వాదం. చిక్కుడుకాయలు తీసిపెట్టే వాళ్ళు దొరక్క ఈ వాదం కనిపెట్టారని శిష్యురాళ్ళు చాటుగా నవ్వుకునేవారు.

ఆ శిష్యురాళ్ళలో హైమవతికి శ్రద్ధ ఎక్కువ. ఎంత ఎక్కువంటే, పక్కవాళ్ళకు భయం పుట్టేంత. ఆమెకు పెళ్ళయిన కొన్నాళ్ళకే తల్లి పోయింది. కాపురం ఆ ఊళ్ళోనే కావడంతో పుట్టింటి బరువంతా తనే నెత్తికెత్తుకుంది. చెల్లెలు సుభద్ర చదువు, తండ్రి మందులు, ఆవకాయ జాడీలు, ఆఖరికి ఏ కిటికీకి ఏ కర్టెనో కూడా హైమే చూడాలి. మరొకరు చెయ్యి వేస్తే, వాళ్ళు వెళ్ళాక ఆ పని మళ్ళీ మొదటి నుంచీ చేస్తే గానీ ఆమెకు తృప్తి ఉండదు. ప్రేమ లేక కాదు, నిజానికి ఆ ఇంటి మీద ఉన్నదంతా ప్రేమే. కాకపోతే ఆ ప్రేమ పక్కన ఇంకొకరు కూర్చోవడానికి చోటుండేది కాదు.

సుభద్రకు పెళ్ళి కుదిరింది. శుభలేఖలన్నీ తన చేత్తో చేస్తానని హైమ చెల్లెలికి మాటిచ్చింది. తండ్రి పురుషోత్తం గారు ససేమిరా అన్నారు. ఆయనకు బజారులో విత్తనాల కొట్టు ఉంది. ఏ పనైనా వేళకు జరగాలంటారు.

"పెళ్ళంటే బొమ్మలాట అనుకున్నావటే? ప్రెస్సులో ఇస్తే సాయంత్రానికల్లా కట్టలు కట్టి చేతిలో పెడతాడు. మన చుట్టాల సంగతి నీకు తెలీదా? కాగితం కాస్త వంకరగా ఉన్నా పెళ్ళి వంకరంటారు" అన్నారు.

కూతుళ్ళిద్దరూ ముఖాలు చిన్నబుచ్చుకునేసరికి ఒక మెట్టు దిగారు. శుక్రవారం పొద్దున మంచి ఘడియ ఉంది. ఆ వేళకు మొదటి శుభలేఖ దేవుడి ముందు పెట్టాలి. చూసి నచ్చితే సరే, లేకపోతే అటునుంచి అటే ప్రెస్సుకి వెళతానన్నారు.

కార్డు ఎలా ఉండాలో హైమ మనసులో ఎప్పుడో గీసుకుంది. చుట్టూరా మామిడాకుల అంచు, నాలుగు మూలల్లో నాలుగు చిలకలు. లోపలి అక్షరాలు జిరాక్స్ షాపులో ప్రింటు తీయిస్తే చాలు. చిక్కల్లా ప్యాడ్ల దగ్గర వచ్చింది. ఫ్యాన్సీ షాపులో రెండు రకాలు దొరికాయి. రెండూ ఒకే సైజు, రెండింటిలోనూ పసుపు నుంచి ఊదా దాకా అవే రంగులు పట్టీలు పట్టీలుగా పక్కపక్కనే ఉన్నాయి. అచ్చు ఒక్కసారి అద్దితే చిలకకు ముక్కు ఎరుపు, రెక్క ఆకుపచ్చ, తోక నీలం వాటంతటవే వచ్చేస్తాయి. ఒకదాని సిరా పల్చన, వేసీ వేయగానే ఆరిపోతుంది, తేటగా ఉంటుంది. రెండోదాని సిరా చిక్కన, నింపాదిగా ఆరుతుంది, నిండుగా ఉంటుంది. షాపతన్ని ఏది మంచిదని అడిగితే "రెండూ మంచివేనమ్మా" అన్నాడు. అమ్ముకునేవాడు అంతకన్నా ఏమంటాడు?

రెండూ కొని తెచ్చుకుంది. ఇక అక్కడి నుంచి మీనమేషాలు లెక్కపెట్టడం మొదలైంది. ఎండలో చూస్తే పల్చనిది బాగుంది, దీపం కింద చూస్తే చిక్కనిది బాగుంది. చెల్లెలు ఒకటంటే తనకు రెండోది నచ్చేది, చెల్లెలు రెండోదానికి మారితే తను మొదటిదానికి మారేది. పాత కాగితాల మీద, కవర్ల మీద, క్యాలెండరు వెనకాల ఇల్లంతా చిలకలే. "ఇంట్లోకి జామపండు తేవాలంటే భయంగా ఉంది" అని ఆమె భర్త నవ్వాడు. హైమకు నవ్వు రాలేదు. పేచీ ప్యాడు గురించి అనుకుంటున్నారు గానీ, ఆమె భయం వేరు. అమ్మ లేని పెళ్ళి ఇది. ఏ ఒక్కటి తక్కువైనా అమ్మ లేకపోవడం వల్లే అనిపిస్తుంది చూసేవాళ్ళకు. అలా అనిపించకూడదు.

గురువారం మధ్యాహ్నానికి ఇక ఆగలేకపోయింది. ఒక్కో ప్యాడుతో ఒక్కో కార్డు పూర్తిగా చేసి, రెండూ పట్టుకుని భ్రమరాంబ గారింటికి వెళ్ళింది. వెళ్ళి కాసేపు వడియాల గురించీ ఎండల గురించీ మాట్లాడింది.

"చల్లకొచ్చి ముంత దాచకు హైమా. ఏమిటో అడుగు" అన్నారావిడ.

"టీచరు గారూ, రెండూ మంచివే అయినప్పుడు వాటిలో ఏది మంచిదో తెలుసుకునేదెట్టాగండీ?" అని హైమ రెండు కార్డులూ ముందు పెట్టింది. పెళ్ళి సంగతి, తండ్రి షరతు, రేపటి ముహూర్తం అన్నీ చెప్పింది.

భ్రమరాంబ గారు కార్డుల్ని చేతిలోకి తీసుకోలేదు. ఉన్నచోటు నుంచే ఒక్క క్షణం చూశారు. "ఇవి తీసుకెళ్ళి మా అత్తయ్య గారికి చూపించు. చెల్లెలి పెళ్ళి శుభలేఖలని చెప్పు" అని లేచి లోపలికి వెళ్ళిపోయారు.

హైమకు ఉసూరుమంది. టీచరు గారి అత్తగారు పేరిందేవమ్మ గారికి చూపు ఆనక చాలాకాలమైంది. ఎదురుగా ఉన్నది మనిషో స్తంభమో దగ్గుని బట్టి పోల్చుకుంటుంది. రంగుల మధ్య తేడా ఆవిడకేం కనిపిస్తుంది? అయినా గురువు మాట కదా అని నడవలో మంచం దగ్గరికి వెళ్ళి, సంగతి చెప్పి, రెండు కార్డులూ ఆవిడ ఒళ్ళో పెట్టింది.

పెద్దావిడ ముఖం విప్పారింది. "సుభద్రకా! ఇన్నాళ్ళకు ఎంత చల్లని కబురు చెప్పావే తల్లీ! మీ అమ్మ ఉంటే కాళ్ళు నేల మీద ఆనేవి కావు" అంటూ కార్డుల్ని కళ్ళకద్దుకుంది. "ఒసే భ్రమరా, ఆ పసుపు ఇట్టా తీసుకురావే."

కోడలు అప్పటికే పసుపు గిన్నె పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉన్నారు. హైమ నోరు తెరిచేలోగా పెద్దావిడ తడి పసుపులో వేలు ముంచింది. కార్డు కొస ఎక్కడుందో తడిమి చూసుకుని, మూలకు నిండుగా పసుపు రాసింది. ఒకటి, రెండు, మూడు, నాలుగు మూలలు. తర్వాత రెండో కార్డు అందుకుంది. పుట్టి బుద్ధెరిగిన నాటి నుంచి చేస్తున్న పని కాబట్టి ఆ వేలికి కళ్ళతో అవసరం లేకపోయింది.

మొదటి కార్డు మీద చిలకలు నీళ్ళయిపోయాయి. ఆకుపచ్చ ఎరుపులోకి, ఎరుపు ఊదాలోకి దిగి, పసుపుతో కలిసి మూలల్లో మురికి మడుగులు కట్టాయి. రెండో కార్డు మీద చిక్కటి సిరా ఇంకా ఆరనే లేదు. వేలు ఎటు పోతే చిలక అటు సాగిపోయింది. పెద్దావిడ కార్డును ముక్కు దగ్గరికి తెచ్చుకుని పరకాయించి చూసింది.

"ఇదేంటే, పెళ్ళి కార్డు మీద కాకులేశావేం?" అంది.

హైమ రెంటికీ చెడ్డ రేవడిలా నిలబడిపోయింది. ఆమె కళ్ళ ముందు కదులుతున్నది రేపటి పొద్దున. దేవుడి గది, తండ్రి, మేనత్తలు, అందరి ముందూ మొదటి శుభలేఖకు పసుపు రాయడం, చిలకలు ఇట్లాగే కరిగిపోవడం. అపశకునమని ఎవరో ఒకరు అననే అంటారు. తండ్రి అనరు, ముఖం పక్కకు తిప్పుకుంటారు. అది ఇంకా కష్టం. ఇన్నాళ్ళుగా రంగులు చూసింది, ఎండలో చూసింది, దీపం కింద చూసింది. శుభలేఖకు పసుపు పెడతారన్న మాట ఒక్కసారి కూడా గుర్తుకు రాలేదు. ఎందుకు రాలేదో కూడా ఆ క్షణాన తెలిసింది. అది అమ్మ పని. తన పెళ్ళికి కార్డులన్నీ చాప మీద పరుచుకుని, ఎవర్నీ ముట్టుకోనివ్వకుండా అమ్మే పెట్టింది. గుర్తుచేసే మనిషి లేదు, గుర్తుచేసే చోటు తను ఇంకెవరికీ ఇవ్వలేదు. ఏడుపు పొంగుకొచ్చింది. ఆపుకోలేదు.

పెద్దావిడ కంగారుపడింది. "నేనేం పాడుచేశానే?"

"మీరేం చేయలేదత్తయ్యా. మీరు చేయాల్సిందే చేశారు" అన్నారు భ్రమరాంబ గారు.

కళ్ళు తుడుచుకోగానే హైమకు పాత బుద్ధి మళ్ళీ తలెత్తింది. "చిక్కటి సిరా కార్డు బాగా ఆరనిస్తే చెరగదేమోనండీ..."

"ఆరనిద్దాం. ఆరాక పసుపెక్కడ పెడతారు? చిలక నెత్తినా?"

ఆ మాటకు హైమ ఏడుస్తూనే నవ్వింది. వారం రోజులుగా గుండెల మీద కూర్చున్న రాయి ఎవరో పక్కకు దొర్లించినట్టయింది. కరిగితే కరిగాయి, ఇక్కడ కరిగాయి. రేపు ఇంట్లో కరగలేదు. పేరిందేవమ్మ గారి పసుపు చేతులు రెండూ పట్టుకుని కళ్ళకద్దుకుని, ఇంటికి పరుగు తీసింది.

ఆ సాయంత్రం కొత్త కార్డు తీసి, చిలకల్ని మూలల నుంచి లోపలికి జరిపింది. మామిడాకుల అంచును మూలల దాకా పోనీయకుండా ముందే ఆపేసింది. నాలుగు మూలలూ తెల్లగా మిగిలాయి. నిజం చెప్పాలంటే ఆమెకు ప్యాడు ఎంచుకోవడం కంటే ఇదే కష్టమైంది. ఖాళీగా ఉన్న మూలను చూస్తే చెయ్యి ఊరుకోదు. చిన్న మొగ్గైనా వేద్దామా, ఒక్క చుక్కైనా పెడదామా అని లాగింది. అచ్చులన్నీ డబ్బాలో పెట్టి మూత బిగించేసింది. ఏ ప్యాడు వాడిందంటారా? చేతికి దగ్గరగా ఉన్నది వాడింది.

శుక్రవారం పొద్దున పురుషోత్తం గారు కళ్ళజోడు పెట్టుకుని కార్డును అటూ ఇటూ తిప్పి చూశారు. లోపలి అక్షరాలు పైకి చదివారు. పెళ్ళికొడుకు ఇంటిపేరు రెండుసార్లు చదివారు. తప్పు దొరకలేదు.

"మూలలు బోసిగా ఉన్నాయేమే?" అన్నారు.

"అవి మీకు నాన్నా. పసుపు మీరే పెట్టాలి."

ఆయన కళ్ళజోడు తీశారు. "మీ అమ్మ పెట్టేది" అన్నారు. అద్దాలు తుడుచుకుంటూ, "నాకు సరిగ్గా వస్తుందో రాదో" అన్నారు. విత్తనం చేతిలోకి తీసుకుని మొలుస్తుందో లేదో చెప్పగల మనిషి, చిటికెడు పసుపు దగ్గర అంత బెరుకుగా నిలబడడం హైమ ఎన్నడూ చూడలేదు.

చేతులు కడుక్కొచ్చి తనే పసుపు కలిపారు. నీళ్ళు ఎక్కువయ్యాయి. మొదటి మూల దగ్గర పసుపు జారి మామిడాకు మీదికి పాకింది, ఆకు కొసన రంగు కాస్త చెదిరింది. తుడుద్దామని హైమ చెయ్యి ముందుకు వెళ్ళి మధ్యలో ఆగిపోయింది. సుభద్ర అక్క చేతిని చూసింది, అక్క ముఖం చూసింది, పసుపు గిన్నెను నాన్న దగ్గరికి జరిపింది. నాలుగో మూలకు వచ్చేసరికి ఆయన వేలు కుదురుకుంది. కార్డు దేవుడి ముందు పెట్టి, దండం పెట్టుకుని, వెనక్కి తిరగకుండానే అడిగారు.

"మిగతావి ఎప్పటికిస్తావే?"

ప్రెస్సు మాట మళ్ళీ ఆ ఇంట్లో రాలేదు. రోజూ కొట్టు కట్టేసి రాగానే ఆయన చాప పరిచి కూర్చునేవారు. హైమ అచ్చులు వేసి ఇచ్చేది, ఆయన పసుపు పెట్టేవారు, ఆరినవాటిని సుభద్ర కవర్లలో దోపేది. ఒక ప్యాడు అయిపోతే రెండోది తీశారు. ఏ కార్డు దేనితో వేసిందో తర్వాత హైమకే తెలియలేదు. వంక పెట్టడానికే పుట్టిన మేనత్త కూడా కనిపెట్టలేదు. చాప మీద ఆ ముగ్గురూ అమ్మ గురించి చాలా మాట్లాడుకున్నారు. అన్నాళ్ళూ ఎవరికి వాళ్ళు దాచుకున్న మాటలవి. చెప్పుకున్నాక ముగ్గురికీ తేలికపడింది.

కార్డులన్నీ పంచడం మొదలుపెట్టాక, హైమ ఒకటి పట్టుకుని గురువుగారింటికి వెళ్ళింది. బొట్టు పెట్టి పిలిచి, కార్డు చేతికిచ్చింది. భ్రమరాంబ గారు తెరిచి చూశారు, మూసి చూశారు.

"ఏ ప్యాడుతో వేశానో మీరడగలేదండీ" అంది హైమ.

ఆవిడ కార్డును వెలుతురుకు తిప్పారు. ఒక మూల దగ్గర పసుపు హద్దు దాటి ఆకు మీదికి వచ్చింది. దాని మీద బొటనవేలి గీతలు స్పష్టంగా ఉన్నాయి. ఆవిడ ఆ చోట వేలు ఆనించి, ఏమిటన్నట్టు చూశారు.

"మా నాన్నదండీ. కొంచెం ఎక్కువైంది. నేను సరిచేయలేదు."

భ్రమరాంబ గారు ఆ కార్డును జాగ్రత్తగా అలమరలో పెట్టి వచ్చారు.

"బాగుందమ్మా. ఈసారి పని సగమే చేశావు" అన్నారు.