తెరంతా శెట్టిగారే

సంతలో వర్తకుల సరుకు గొప్పదని తోలుబొమ్మలాడించి చెప్పడం హనుమక్కకు బతుకుతెరువు. ఒకసారి నూనె గానుగల సుబ్బరామ శెట్టి ఆమెను పిలిపించాడు.

"నా నూనె మీద ఆట కట్టు. అందులో నా బొమ్మ ఘనంగా కనబడాలి. లేదా, ఈ సంతలో నీకిక చోటుండదు!"

హనుమక్క ఆట కట్టింది. సంతకు ముందురోజు గానుగ కొట్టం తలుపులు మూయించి, తెర వెనక దీపం పెట్టి శెట్టికి చూపించింది. తెర మీద ఎద్దు, గానుగ, నూనె కుండలు, పక్కన శెట్టి.

"ఎద్దు కంటే చిన్నగా ఉన్నానేమే? పెంచు!"

బొమ్మను దీపం వైపు జరిపితే నీడ పెరుగుతుంది. జరిపింది. శెట్టి ఎద్దును మించిపోయాడు.

"ఇంకా!"

గానుగ మాయమైంది.

"ఇంకా!"

కుండలూ పోయాయి.

"ఇంకా పెంచవే!"

బొమ్మ దీపానికే అడ్డంపడింది. తెరంతా చీకటి.

"ఏమీ కనబడదేం? నేనేనా ఇది?"

"అంతా తమరే శెట్టిగారూ. జనానికి నూనె కూడా కనబడాలంటే మాత్రం తమరు కాస్త తప్పుకోవాలి."

"సరే, నన్ను పక్కకు జరుపు," అన్నాడు శెట్టి.

మర్నాడు ఆట చూసినవాళ్ళంతా నూనె కొన్నారు. ఎద్దు మాత్రం భలే ఉందన్నారు.