ఇచ్చి పుచ్చుకొను జాము నోము కథ

అక్షతలు చేతబట్టి, పిల్లలను ఒడిలో కూర్చుండబెట్టుకొని వినండి తల్లులారా.

పూర్వము దేవలుడు మృకండు మునిని చేరి, మతి తప్పిన మగనికి సేవచేసి చేసి తానే కూలిపోవు ఇల్లాలికి దారి యేదని అడిగెను. ముని యిట్లు చెప్పెను.

గోదావరి యొడ్డున ఒక యూర రంగశాయి, నాంచారమ్మ అను దంపతులుండిరి. ఊరందరి జాతకములు వ్రేళ్లపై లెక్కగట్టి చెప్పిన రంగశాయి ముసలితనమున మతి మరచి, కట్టుకున్న భార్యనే యెరుగడాయెను. తలుపు తీసియున్న చాలు, ఏటివైపు నడచిపోవును. నాంచారమ్మ గడియమీద చెవి, పొయ్యిమీద కన్ను వేసి బ్రతికెను. నిదుర లేదు, వేళకు తిండి లేదు.

అది చూచి పార్వతీదేవి ముత్తైదువ రూపున వచ్చి ఆమెచేత జాము నోము పట్టించెను. శుక్రవారము నానబెట్టిన శనగలు వాయనమిచ్చి, పొరుగింటి వాయనము తానును పుచ్చుకొనవలెను. పుచ్చుకొను వాయనములో శనగలతోబాటు, తెచ్చిన పొరుగామె జాముసేపు రోగికి కాయు కావలియు చేరియుండును. నోముకు అదియే ప్రాణము.

నాంచారమ్మ శనగలిచ్చెను గాని, పొరుగింటి కోటమ్మ వాయనము తెచ్చినప్పుడు గడప లోపలినుండే వద్దనెను. ఆయన్ని చూస్తే ఊరు నవ్వుతుందని, తన మగణ్ణి తాను చూసుకోలేనా అని ఆమె పట్టుదల. వారము వారము ఇచ్చుటే గాని పుచ్చుకొనుట లేదు. నోము ఉల్లంఘనమాయెను.

అంతట కీడు మొదలాయెను. పాలు మాడెను, ఆవు వట్టిపోయెను, నాంచారమ్మ కళ్లు తిరిగి బావిగట్టున పడెను. మాట కరుకాయెను. ఒకనాడు రంగశాయి కంచము తోసివేయగా ఆమె అట్లకాడ పైకెత్తెను. అతడు రెండు చేతులు తలకు అడ్డము పెట్టుకొని,

"ఎవత్తివే నువ్వు? మా నాంచారు రానీ, నీ పని చెబుతుంది!" అనెను.

అట్లకాడ చేజారెను. ఆమె గడపమీదనే కూలబడి, "వదినా, నావల్ల కావటం లేదే!" అని కేకవేసెను.

కోటమ్మ తడిచేతులతోనే వచ్చెను. "ఈ ముక్క అనడానికి ఇన్నాళ్లా? కొంగు పట్టు ముందు."

"ఇస్తినమ్మ జాము."

"పుచ్చుకొంటినమ్మ జాము."

కోటమ్మ రంగశాయిని అరుగుమీద కూర్చుండబెట్టి జాతకము చెప్పమనెను. మనుమలున్న ఆ ముసలిదానికి వచ్చే మాఘమున పెళ్లియని అతడు చెప్పెను. లోపల నాంచారమ్మ వేడియన్నము తిని, ఒళ్లు తెలియక నిదురించెను.

రంగశాయికి మతి తిరిగి రాలేదు తల్లులారా. అది ఈ నోము ఫలము కాదు. నాంచారమ్మ లేచి, నెమ్మదిగా ముద్ద కలిపి పెట్టగా అతడు తినెను. తిని, "నువ్వు మంచిదానివేనమ్మా. మా నాంచారు వచ్చేదాకా ఉండు" అనెను.

"ఉంటానండి" అనెను.

కావున మతి తప్పిన భర్తను కాచు ఇల్లాలును, అట్టి భార్యను కాచు మగవాడును సిగ్గుపడక ఈ నోము నోచవలెను. వారికి కంటినిండ నిదురయు, వేడియన్నమును, చేయి పైకి లేవని శాంతమును కలుగును. కథలో మాట తప్పిన తప్పవచ్చును గాని, పుచ్చుకొనుట తప్పరాదు. అక్షతలన్నీ మీ తలలమీదనే వేసుకొనక, కొన్ని కొంగున ముడివేసి, మీ వీథిలో పగలంతా గడియ వేసియున్న తలుపు తట్టండి.