మాచమ్మ వెనక్కి తిరగలేదు

మాచమ్మకు జబ్బు ముక్కులో ఉంటే నూనె చెవిలో పోశారు. వద్దన్నా పోశారు. సలసల కాగే నూనె పోశారు.

ఎప్పటి మాటంటే, ఊళ్లోకి కారం మర రాకముందు మాట. మర అంటే ఏమిటో ఎవరికీ తెలియని కాలం. అప్పుడు ఊరందరి కారం మాచమ్మే దంచేది. కళ్లంలో మిరపకాయ ఎండటం ఆలస్యం, రోకలి భుజాన వేసుకుని ఇంటింటికీ తిరిగేది. ఆ ఘాటుకు కుక్కలు కూడా సందులోకి వచ్చేవి కావు. రోకలి లేచేది, రోకలి పడేది, మాచమ్మ తుమ్మేది.

దంచీ దంచీ ముక్కు పాడైంది. ముందు నీరు కారింది. తర్వాత దిబ్బడ వేసింది. ఆ తర్వాత నుదురూ బుగ్గలూ రాయి కట్టినట్టు బరువెక్కాయి. వంగితే కనుబొమల మధ్య పోటు. ఆపైన చెవులు మూసుకున్నాయి. తన రోకలి దెబ్బ తనకే పక్క ఊళ్లోంచి వస్తున్నట్టు ఉండేది. ఆవలిస్తే చెవిలో టప్పుమని ఒక్క క్షణం అంతా వినపడేది. మళ్లీ మూసుకునేది.

పెద్దింటి అచ్చమాంబ అరుగు మీద కూర్చుని, దంచే మనిషి వీపు చూసి కేకేసేది. అరుగు దిగడం ఆమెకు నామోషీ.

"ఒసేయ్ మాచీ!"

రోకలి ఆగలేదు.

"ఒసేయ్ మాచీ, నిన్నేనే!"

రోకలి ఆగలేదు.

"ఒసేయ్, నీకు చెవుడా, పొగరా?"

రోకలి ఆగలేదు. చెంబు వచ్చి వీపుకు తగిలాక ఆగింది.

"వినపళ్లేదమ్మగారూ," అంది మాచమ్మ. "ముక్కు బిగిస్తే నాకు చెవులు మూసుకుంటున్నాయి. ముక్కు వదిలితే అవే తెరుచుకుంటున్నాయి. నాలుగు రోజులు దంచను. వావిలాకు ఆవిరి పట్టుకుంటా."

అచ్చమాంబ పడీ పడీ నవ్వింది. "ముక్కుకీ చెవికీ ఏం చుట్టరికమే?"

తోడికోడలు అందుకుంది. "ముక్కుకీ చెవికీ ఏం చుట్టరికం? పని ఎగ్గొట్టే వేషాలు."

ఊరి వైద్యుణ్ణి పిలిపించారు. ఆయన కుడి చెవిలోకి తొంగి చూశాడు. ముక్కు వంక చూడనే లేదు. "ముక్కుకీ చెవికీ ఏం చుట్టరికం? గుబిలి గడ్డకట్టింది. వెల్లుల్లి నూనె కాచి పోయండి," అని తాంబూలం పుచ్చుకుని వెళ్లాడు.

"నా చెవి. వద్దు," అంది మాచమ్మ.

ఇద్దరు పాలేళ్లు రెక్కలు పట్టుకున్నారు. నూనె అచ్చమాంబే పోసింది. అరుగు దిగడం నామోషీ అన్న మనిషి, దానికి మాత్రం దిగింది.

మాచమ్మ కేక ఊరవతలికి వినపడింది. చెవిలోంచి నెత్తురు కారింది, చీము కారింది. ఇంట్లో పడి ఆవిరి పట్టగా పట్టగా ముక్కు వదిలింది. నూనె పోయని ఎడమ చెవి తెరుచుకుంది. కుడి చెవి మరి తెరుచుకోలేదు. చుట్టరికం ఉందని అప్పుడు ఊరందరికీ తెలిసింది. తప్పయిందన్నవాడు ఒక్కడూ లేడు.

ఆవకాయ రోజులొచ్చాయి. పెద్దింట్లో మామిడికాయ ముక్కలు కొట్టి పెట్టుకుని కబురంపారు. మాచమ్మ వచ్చి వాకిట్లో నిలబడింది.

"ఇక మీదట వెనక నుంచి పిలిస్తే పలకను. వినపడినా పలకను. పనుంటే ఎదురుగా వచ్చి, నా మొహం చూసి చెప్పాలి. ముక్కు బిగిస్తే దంచను."

"నాకు చెప్పేదానివయ్యావా?"

"అయ్యాను. మీకు దంచడం వచ్చా?"

రోకలి భుజాన వేసుకుని బయల్దేరింది.

"ఒసేయ్ మాచీ!" తిరగలేదు.

"మాచమ్మా!" తిరగలేదు.

"మాచమ్మా, ముక్కలు వాడిపోతున్నాయే!" తిరగలేదు.

సందు చివర అచ్చమాంబ రొప్పుతూ, చెప్పులు లేని కాళ్లతో చుట్టూ తిరిగి ఎదురుగా వచ్చి నిలబడింది. "కాస్త దంచి పెట్టమ్మా," అంది. అప్పుడు దంచింది.

ఆ ఊళ్లో పనిచేసుకునే మనిషిని ఇప్పటికీ వెనక నుంచి కేకెయ్యరు. ఎదురుగా వెళ్లి చెబుతారు. పిల్లలు చెవి పోటంటే ముందు ముక్కు చూస్తారు. చూడకుండా నూనె గిన్నె పట్టుకొచ్చేవాళ్లను "అచ్చమాంబ వచ్చిందర్రా" అని తరుముతారు.

మాచమ్మ పోయేముందు కొడుకు ఆమె తలాపున కూర్చుని "అమ్మా, అమ్మా" అని పిలిచాడట. మాచమ్మ పలకలేదు. వాడు లేచి, మంచం చుట్టూ తిరిగి, ఎదురుగా వచ్చి కూర్చున్నాడు.

"ఇప్పుడు చెప్పరా," అంది.