గొర్రెలొచ్చిన గ్రంథాలయం

మూడు సంస్థానాలు తాళపత్ర గ్రంథాలను ఒకదానికొకటి అరువిచ్చుకోవాలని ఒప్పుకున్న కాలమది. గొర్రెలు దగ్గుతో చచ్చిపోతుంటే, కాపరి బీరయ్య పశువైద్య గ్రంథం కోసం పక్క సంస్థానపు గ్రంథాలయానికి కాళ్లీడ్చుకుంటూ వెళ్లాడు. మొదటిసారి తన సంస్థానం నుంచి ఉత్తరం తెమ్మన్నారు. రెండోసారి దానిమీద ముద్ర లేదన్నారు.

మూడోసారి గ్రంథాల అధికారి విరూపాక్షయ్య, "జబ్బు నీకా?" అన్నాడు.

"గొర్రెలకు, దొరా."

"అయితే నీకెలా ఇస్తాం? ఎవరికవసరమో వాళ్లే వచ్చి, వేలిముద్ర వేసి తీసుకెళ్లాలి. అది నియమం."

బీరయ్యకు వాదించే ఓపిక లేదు. మర్నాడు నడవగలిగిన నలభై గొర్రెలను గ్రంథాలయంలోకి తోలాడు. ఒకటి అప్పుడే తాటాకు నమలసాగింది.

"అవసరమున్నవాళ్లంతా వచ్చారు, దొరా," అంటూ గడపమీద కూలబడ్డాడు. "వేళ్లు లేవు. గిట్టముద్రలు సరిపోతాయా?"

గ్రంథం క్షణంలో చేతికొచ్చింది.

"తిరిగివ్వడానికి మాత్రం నువ్వొక్కడివే రా, నాయనా!" అని బతిమాలాడు విరూపాక్షయ్య.